షట్టర్లు దించిన వీధి

జూన్ 4

బావమరిదికి,

నువ్వు ఫోన్ చేస్తావు, నేను "ఆఁ, ఆఁ" అంటాను, పెట్టేశాక నువ్వేం అడిగావో మీ అక్క చెబుతుంది. ముప్పై ఏళ్ళు ఇనుము కోసే లేతు మిషను పక్కన నిలబడ్డ చెవులివి, వీటి మీద ఆశ వదులుకో. కాళ్ళు మాత్రం పోలేదు. బేరింగు అరిగితే అందరికంటే ముందు నా అరికాలికి తెలుస్తుంది. ఫోన్‌ని అరికాలికి పెట్టుకోలేను గనక ఉత్తరం రాస్తున్నాను. నువ్వూ ఉత్తరమే రాయి, కాస్త పెద్ద అక్షరాలతో. మీ కొత్త ఇంటి అడ్రసు మీ అక్క భద్రంగా దాచి ఎక్కడ దాచిందో మర్చిపోయింది, అందుకని మీ ప్లానింగ్ ఆఫీసుకే పంపుతున్నాను.

మన వర్క్‌షాపుల వీధి నువ్వు చూసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. గుంతలు ఇంకాస్త లోతయ్యాయి. లారీ లోపలికి రాదు, సరుకంతా తోపుడు బండి మీద తోసుకుపోవాల్సిందే. మధ్యాహ్నం కరెంటు దిగిపోతే ముప్పై ఒక్క షాపుల్లో మోటార్లు ఒక్కసారే మూలుగుతాయి. రోడ్డు కోసం, ట్రాన్స్‌ఫార్మర్ కోసం అర్జీలు రాసి రాసి మా చేతులు పడిపోయాయి. ఇరవై ఏళ్ళుగా ఒక్కడూ ఇటు తొంగి చూసిన పాపాన పోలేదు.

తీరా తొంగి చూసినవాళ్ళకి మేం చేసిన మర్యాద విను. మొన్న మంగళవారం ఒకమ్మాయి, ఒకాయన వచ్చారు. మెడలో కార్డులు, చేతిలో అట్టలు. వీధి మొదట్లో నికెల్ పూత వేసే తళతళ మామ షాపు ముందు ఖాళీ నూనె డ్రమ్ము ఉంటుంది, గుర్తుందా? మెడలో కార్డున్నవాళ్ళు కనిపిస్తే మామ సుత్తితో దాని మీద రెండు దెబ్బలు వేస్తాడు. లైసెన్సు అడిగేవాళ్ళకి భయపడి పెట్టుకున్న ఏర్పాటు ఇది, నువ్వు కాలేజీకి వెళ్ళే రోజుల్నించీ ఉంది. రెండు నిమిషాల్లో షట్టర్లన్నీ దిగిపోవాలి. నాకు వినపడదు గనక మీ అక్క వచ్చి భుజం మీద రెండుసార్లు తడుతుంది. మొన్న ఒకటిన్నర నిమిషంలో కానిచ్చాం. పాపం ఆ ఇద్దరూ ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి, చెమట తుడుచుకుని, ఏదో రాసుకుని పోయారు. మీవాళ్ళేనా?

ఇంకో మాట. వెనక ఖాళీ జాగాలో పెద్ద లేతు దించుతున్నాను. పంపుల కంపెనీ పొడవు షాఫ్టులు అడుగుతోంది, నా పాత మిషను మీద అవి పట్టవు. ఈ నెలలోనే పునాది గొయ్యి తవ్విస్తాను.

మీ అక్క మోకాలు అలాగే ఉంది. నోరూ అలాగే ఉంది.

బావ


జూన్ 13

బావకి నమస్కారాలు.

అక్షరాలు పెద్దవిగానే రాస్తున్నాను. ఇకమీదట కింద రాసిన ఇంటి అడ్రసుకి పంపు. మా ఆఫీసుకి వచ్చే ఉత్తరాలన్నీ టపా గుమాస్తా తెరిచి, చదివి, తేదీ ముద్ర కొట్టి మరీ బల్ల మీద పెడతాడు. అక్క నోటి సంగతి ఇప్పుడు ఆఫీసులో నలుగురికీ తెలుసు.

వచ్చినవాళ్ళు మావాళ్ళే. మీ ఊరికి రాబోయే ఇరవై ఏళ్ళకి సరిపడా ప్లాను వేస్తున్నాం. ఎక్కడ దుకాణాలు రావాలి, ఎక్కడ ఆఫీసులు, ఎక్కడ గోడౌన్లు, ఎక్కడ వర్క్‌షాపులు, ఊళ్ళోవాళ్ళకి పని ఊళ్ళోనే దొరకాలంటే ఏ జాగా దేనికి వదలాలి, అదీ లెక్క. దానికి ముందు ఏ ముక్క పనిలో ఉంది, ఏ ముక్క వాడకం లేకుండా పడుంది అని చూసి రాసుకుంటారు. వాళ్ళు ఇంకోసారి వస్తారు. వచ్చినప్పుడు షట్టర్లు తెరిచి ఉంచండి. పునాది గొయ్యి కొన్నాళ్ళు ఆపు.

ఇంతకంటే నేను రాయకూడదు. అక్కని మోకాలికి వేడినీళ్ళ కాపడం పెట్టుకోమను.

నీ బావమరిది


జూన్ 25

బావమరిదికి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. గట్టివాడివే. టపా గుమాస్తా అన్నీ తెరుస్తాడని మొదటే రాశావు. "ఇంతకంటే రాయకూడదు" అని చివర రాశావు. ఈ రెంటి మధ్యా "షట్టర్లు తెరిచి ఉంచండి" అన్నావు. ఆఫీసు వాడు తలుపు తెరవమంటే దాని భావమేమిటో నాకు ఆ మాత్రం తెలియదా? తలకిందులుగా చదువుకోమనే కదా. వీధిలో అందరికీ చదివి వినిపించాను. మా బావమరిది అక్కడుండబట్టి సరిపోయింది, లేకపోతే దొరికిపోయేవాళ్ళం అన్నారు. తళతళ మామ నిన్ను మెచ్చుకున్నాడు, రాసిపెట్టుకో, ఆయన మనిషిని మెచ్చుకోవడం ఇదే మొదలు.

ఈసారి ఊరికే దించడం కాదు, బయటినుంచి తాళాలు వేశాం. స్ప్రింగులు చుట్టేవాళ్ళావిడ షట్టరుకి అడ్డంగా దండెం కట్టి బట్టలు ఆరేసింది. నేను స్టూలు వేసుకుని బయట కూర్చున్నాను, పనీపాటా లేని ముసలాడిలా. ఆ అమ్మాయి మంచిది. దగ్గరికొచ్చి నా చెవికి వినపడేలా అడిగింది, "ఈ షట్టర్ల వెనక ఏం జరుగుతుందండీ?" అని.

"ఏముందమ్మా, ఎలుకలు తిరుగుతుంటాయి" అన్నాను.

"ఎన్నాళ్ళయింది మూతబడి?"

"పదేళ్ళు దాటింది."

ఆ అమ్మాయి నాలుగు వాక్యాలు రాసి స్థానికుడిగా నన్ను సంతకం పెట్టమంది. పెట్టాను. తోక లాగి మరీ పెట్టాను. వాళ్ళు వీధి దాటగానే అందరం కడుపుబ్బా నవ్వుకున్నాం.

గొయ్యి ఆపమన్న మాట మాత్రం నిజమేనని మీ అక్క అంటుంది. ఒకే ఉత్తరంలో ఒక మాట తలకిందులు, ఒక మాట తిన్నగా ఎలా ఉంటుంది? సోమవారం తవ్వించేశాను. నాలుగడుగుల లోతు, లోపల దిగి నిలబడితే నా నడుం దాటింది.

బావ


జులై 9

బావా,

నేను తలకిందులుగా ఏమీ రాయలేదు. తిన్నగా రాశాను. షట్టర్లు తెరవమంటే తెరవమనే. నీ ఉత్తరం చదివి తల పట్టుకుని కూర్చున్నాను.

సోమవారం ముసాయిదా ప్లాను మీ మున్సిపల్ ఆఫీసు గోడకి అంటిస్తారు. వెళ్ళి చూడు. వర్క్‌షాపులకి వదిలిన జాగా ఊదా రంగులో ఉంటుంది. మన వీధి ఊదాలో లేదు. నారింజ రంగులో ఉంది. అంటే, వాడకంలో లేని పాత షెడ్లు తీసేసి, అక్కడ నాలుగంతస్తుల దుకాణాల సముదాయం, పైన ఆఫీసులు, కింద కార్లు నిలిపే చోటు. ఊళ్ళో కొత్త వ్యాపారాలకి జాగా చాలడం లేదు, ఎక్కడో ఒకచోట వెతకాలి. ఖాళీగా పడున్న జాగా అని రాసి ఉంటే ముందు అక్కడే వెతుకుతారు. ప్లాను ఖాయమైతే ఏడాదిలో వీధి ఖాళీ చేయాలి.

ఖాళీ అని ఎలా తేల్చారంటే, రెండుసార్లు వెళ్ళినా ముప్పై ఒక్క షట్టర్లూ మూత. పైగా పదేళ్ళుగా పని లేదని స్థానికుడి సంతకం.

నువ్వు నా బావవని నిన్న పై అధికారికి చెప్పేశాను. చెప్పిన గంటలో ఫైలు నా బల్ల మీంచి తీసేశారు. బంధువుల జాగా ఉన్న ఫైలు ముట్టుకోకూడదని మా నియమం. ఇక నేను ఏమీ చేయలేను. అభ్యంతరం రాసి ఇవ్వడానికి ఆగస్టు తొమ్మిది ఆఖరి రోజు. వీధంతా కలిసి రాయండి.

బావమరిది


జులై 16

ప్లానింగ్ అధికారి గారికి,

మీరు చెప్పినట్టే మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళి చూశాను. వీధిలో పదిమందిని వెంటబెట్టుకుని మరీ వెళ్ళాను. మన వీధి ఎక్కడుందో వేలు పెట్టి చూపించింది నేనే. బాగా పండిన నారింజ రంగు వేశారు, ఎక్కడా గీత దాటలేదు. చిన్నప్పుడు మీరు బొమ్మలకి రంగులు వేస్తే ఇలాగే శుభ్రంగా ఉండేదని మీ అక్కగారు చెప్పేవారు.

పటం కింద కుడి మూలన "తయారు చేసినవారు" అని ఉంది. అక్కడ మీ సంతకం ఉంది. నేను కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఫైలు తీసేశారు, ఏమీ చేయలేను అని రాశారే, ఆ సంతకం పెట్టిన సంగతి ఎందుకు రాయలేదు? మీరు సెలవుల్లో వచ్చి నా మిషను మీద పని నేర్చుకున్న షెడ్డు అది. మీ ఎడమ చేతి వేలి మీద మచ్చ ఆ షెడ్డులో పడిందే. అందులో ఎలుకలు తిరుగుతాయని నేను రాయించాననే అనుకోండి. మీకు తెలియదా?

వీధిలో నా మొహం ఎవరూ చూడటం లేదు. ఒకరేమో నీ సంతకంతో మా కొంప మునిగింది అంటారు, ఇంకొకరేమో నీ బావమరిది సంతకంతో మునిగింది అంటారు. తళతళ మామ అయితే, నేను షాపు ముందు నుంచి వెళ్తే అటు తిరిగి నిలబడతాడు. అదే భరించలేకుండా ఉన్నాను. పెద్ద లేతు అమ్మేవాళ్ళు ఎప్పుడు దించమంటారని అడుగుతున్నారు. గొయ్యిలో వాన నీళ్ళు చేరాయి.

మీ అక్కగారు ఇద్దరి మీదా అలిగి నాతో మాట్లాడటం మానేశారు. మీరు దూరంగా ఉన్నారు గనక మీ వంతు కూడా నేనే పడుతున్నాను.

ఇట్లు
లేతు పనివాడు


జులై 22

బావా,

నువ్వు నన్ను "మీరు" అన్నావు. నీ ఉత్తరంలో అన్నిటికంటే ఆ మాటే గుచ్చుకుంది. రెండు రోజులు జవాబు రాయబుద్ధి కాలేదు. రాయకపోతే ఇంకో అబద్ధం అవుతుందని రాస్తున్నాను.

ఆ అమ్మాయి నింపిన కాగితం జూన్ ఇరవై ఆరున నా బల్ల మీదికి వచ్చింది. కింద సంతకం తోక చూడగానే నీదని తెలిసింది. నా పెళ్ళి రిజిస్టరులో సాక్షిగా నువ్వు పెట్టిన తోకే అది. ఆ షట్టర్ల వెనక ఏం జరుగుతుందో నాకు తెలుసు. సర్వే కాగితంలో ఏముందో దాన్ని బట్టే రంగు వేయాలి, మన జ్ఞాపకాన్ని బట్టి కాదు అని మాకు నియమం ఉంది. ఆ నియమాన్ని అడ్డం పెట్టుకున్నాను. నిజానికి ఆ రోజే లేచి పై అధికారి గదిలోకి వెళ్ళి, ఈ కాగితం తప్పు, ఈ వీధి నాకు తెలుసు అనొచ్చు. అంటే ఎలా తెలుసు అని అడుగుతారు. బావ అని చెప్పాలి. చెబితే ఫైలు పోతుంది. పన్నెండేళ్ళ ఉద్యోగంలో నా పేరు మీద వస్తున్న మొదటి ప్లాను బావా ఇది. ఇంకో భయం కూడా ఉంది, లైసెన్సులు లేకుండా ఇన్నాళ్ళు నడిపారని మీ అందరి మీదా పడతారేమోనని. ఆ రెండో భయాన్నే పెద్దది చేసుకుని, మీ మంచికే ఊరుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను. సంతకం పెట్టేశాను. ఆ తర్వాత పది రోజులు అన్నం సహించలేదు. అప్పుడు వెళ్ళి చెప్పాను.

ఒకే ఫైలులో నీ అబద్ధం ముందు పేజీలో ఉంది, నాది వెనక పటం మీద ఉంది.

ఇప్పుడు పనికొచ్చే మాట. "మేం పనిచేస్తున్నాం, మా వీధి తీయొద్దు" అని రాస్తే చాలదు. ఏ షాపులో ఎంతమంది, ఏం తయారవుతుంది, ఆ వీధి లేకపోతే ఊళ్ళో ఇంకెవరి పని ఆగుతుంది, అది చూపించాలి. అన్నిటికంటే ముందు, సర్వేలో చెప్పింది అబద్ధమని చెప్పినవాడే రాసివ్వాలి. లేకపోతే ఆ కాగితమే నిలుస్తుంది. తప్పుడు సమాచారం ఇచ్చినందుకు నీ మీద చర్య తీసుకోవచ్చు. నిన్ను రాయమని చెప్పే మొహం నాకు లేదు. రాయొద్దని చెప్పే ధైర్యమూ లేదు.

బావమరిది


ఆగస్టు 3

అధికారి గారికి,

మీ ఉత్తరం చదివాను. ఇంకా కోపం తగ్గలేదు, కానీ చేతిలో పని ఉన్నప్పుడు కోపం పక్కన పెట్టడం నాకు అలవాటే.

ఆదివారం వీధివాళ్ళందర్నీ మా షెడ్డు వెనక్కి పిలిచాను. గొయ్యి చుట్టూ నిలబడ్డారు. నన్ను అందులోకి తోసేస్తారేమో అనిపించింది. మీ ఉత్తరంలో పనికొచ్చే ముక్క వరకూ చదివి వినిపించాను. మొదటి ముక్క చదవలేదు, అది మీకూ నాకూ మధ్య సంగతి. నేను అబద్ధం రాశానని రాసిస్తాను, ఏమైనా అయితే నాకే అవుతుంది, కానీ మీరంతా ఎవరి షాపు లోపల ఏముందో విప్పి చెప్పాలి, ఇకమీదట షట్టర్లు తెరిచి పనిచేయాలి అన్నాను. గోల గోల. లైసెన్సు అడిగితే ఎవడు దిక్కు అని వెల్డింగ్ వాళ్ళు. ఏడాదిలో వీధే లేకపోతే లైసెన్సు ఏం చేసుకుంటావు అని స్ప్రింగులు చుట్టేవాళ్ళావిడ. చివరికి తళతళ మామ నోరు తెరిచాడు. "డ్రమ్ము కొట్టింది నేను. సంతకం ఒక్కడితో పెట్టించి మనం ఇంట్లో కూర్చుంటే సిగ్గుచేటు" అన్నాడు. ఆ మాటకి నాకు కళ్ళు చెమర్చాయి, దుమ్ము పడిందని తుడుచుకున్నాను.

ఎవరి వల్ల ఎవరికి పని అన్నది ఎలా చూపించాలో మీకు తెలియదు, మాకు తెలుసు. పాడైన పంపు షాఫ్టు ఒకటి తీసుకున్నాం. పోత పోసే షాపులో మొదలుపెట్టి, నా లేతు, డ్రిల్లు, గ్రైండింగు, వెల్డింగు, చివర నికెల్ పూత, మొత్తం పదకొండు షాపులు తిప్పాం. మన వీధిలో ముక్క చేతులు మారేటప్పుడు చీటీ ఉండదు, సుద్ద గుర్తే. పోతవాళ్ళది సున్నా, నాది రెండు అడ్డగీతలు, స్ప్రింగులావిడది మెలిక. ఈసారి ఆ గుర్తులన్నీ చెరిపేయకుండా అట్టముక్క మీద కూడా వేసి షాఫ్టుకి కట్టాం. పదకొండింటిలో ఒక్క షాపు లేకపోయినా ఆ పంపు లేవదు. చుట్టుపక్కల నలభై ఊళ్ళ పంపులు ఇక్కడికే వస్తాయి.

అభ్యంతరం ఇచ్చేచోట గుమాస్తా "కాగితం కానిది తీసుకోం" అన్నాడు. మామ షాఫ్టుని బల్ల మీద పెట్టాడు, బల్ల కిర్రుమంది. తేదీ ముద్ర ఎక్కడ కొట్టాలో తెలియక కాసేపు తెల్లమొహం వేసి, ఆఖరికి అట్ట మీద కొట్టాడు. కింద నేను సంతకం పెట్టాను. "జూన్‌లో నేను చెప్పింది అబద్ధం" అని రాసి, అదే తోక.

లేతు పనివాడు

తమ్ముడూ, నేను అక్కని. ఈయన మీరు మీరు అని రాస్తుంటే చదవలేక చస్తున్నాను. నువ్వు చేసింది తప్పే. ఈయన చేసిందీ తప్పే. వీధి నిలబడ్డాక ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఉతికి ఆరేస్తాను. అందాకా భోజనం మానకు.


ఆగస్టు 10

బావా, అక్కా,

షాఫ్టు ఇక్కడికి చేరింది. ఆఫీసంతా వచ్చి చూసిపోయారు. నేను దూరం నుంచే చూశాను, ముట్టుకోకూడదు కదా. అడ్డగీతలు రెండూ కనిపించాయి.

నేనూ రాసిచ్చాను. సంతకం గుర్తుపట్టి కూడా చెప్పలేదని, వీధి నడుస్తోందని తెలిసి కూడా రంగు వేశానని. నిన్నటినుంచి నన్ను ప్లానింగ్ విభాగం నుంచి తీసేసి, కింద రికార్డు గదిలో కూర్చోబెట్టారు. కిటికీ లేదు, ఫ్యాను ఉంది, తిరగదు.

వీధి చూడటానికి ఈ నెలలోనే వస్తారు. తేదీ ఎవరికీ చెప్పరు, నాకూ చెప్పరు. ఈసారి తిన్నగానే రాస్తున్నాను, తిన్నగానే చదువు. డ్రమ్ము కొట్టొద్దు. ఒక్క షట్టరు దిగడం వాళ్ళ కంట పడితే మీరు రాసిచ్చిందంతా నాటకమే అనుకుంటారు.

బావమరిది


ఆగస్టు 24

బావమరిదికి,

వచ్చారు. గురువారం పదకొండు గంటలకి. అంతా అయ్యాక మీ అక్క, మామ, ఎదురు షాపు వాళ్ళు తలా కాస్త చెబితే అతికించి రాస్తున్నాను, ఎందుకంటే జరుగుతున్నప్పుడు నేను వీధికి వీపు పెట్టి నిలబడి ఉన్నాను.

ముగ్గురు. పెద్దావిడ ఒకరు, ఆ సర్వే అమ్మాయి, ఇంకొకాయన. మామ పూత తొట్టి దగ్గర నుంచి తలెత్తి మెడలో కార్డులు చూశాడు. చూడగానే ఇరవై ఏళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే సుత్తి మీదికి పోయింది. రెండు దెబ్బలు పడ్డాక గానీ ఏం చేశాడో ఆయనకి తెలియలేదు. డ్రమ్ము అక్కడినుంచి తీసేయమని చెప్పాల్సింది నేను. సుత్తి దాచాం గానీ ఆయన షాపులో ఇంకో సుత్తి ఉండదా?

వీధిలో చేతులు కూడా అలాగే లేచాయి. మొదటి షట్టరు దిగింది, రెండోది దిగింది. భయం అంటే అంతే కాబోలు, గొయ్యి చుట్టూ నిలబడి అనుకున్న మాటలన్నీ గాలికి పోయాయి. స్ప్రింగులావిడది సగంలో ఉండగా ఆవిడ ఏడుపు మొహం పెట్టిందట, దించాలో ఎత్తాలో తెలియక. ఇరవై దాకా దిగాయి.

నేను పంపు షాఫ్టు మీద కోతలో ఉన్నాను. నాకు డ్రమ్ము వినపడదు. మీ అక్క లోపల కుర్చీలో ఉంది. లేచి నా వెనక్కి వచ్చింది, చెయ్యి ఎత్తింది, నా భుజానికి జానెడు దూరంలో ఆపింది. అలాగే నిలబడిందట. తట్టలేదు.

నేను కోస్తూనే ఉన్నాను. ఆ ముగ్గురూ దిగిన షట్టర్లు దాటుకుంటూ వచ్చి, తెరిచి ఉన్న మా షెడ్డులోకి వచ్చారు. పెద్దావిడ ఏదో అడగబోతే మీ అక్క వేలు అడ్డం పెట్టి, "కోత మధ్యలో ఆపితే ముక్క పాడవుతుంది, ఒక్క నిమిషం" అందట. ఆగారు. కోత అయ్యాక వెనక్కి తిరిగితే ముగ్గురు కార్డుల మనుషులు. మిషను ఆపాను.

ఆ అమ్మాయి నా మొహం చూసి, మిషను చూసి, నేల మీది ఇనప తరుగు చూసి, గట్టిగా అంది, "మీ ఎలుకలు బాగా పనిచేస్తున్నాయండీ."

నేను తల దించుకున్నాను. "నీకు అబద్ధం చెప్పానమ్మా, క్షమించు" అన్నాను. పెద్దావిడ ముందు, మీ అక్క ముందు అన్నాను.

ఎదురుగా వెల్డింగ్ వాళ్ళు ఇదంతా షట్టరు కిందినుంచి చూస్తున్నారట. వాళ్ళది లేచింది. పక్కది లేచింది. తర్వాత చప్పుడు నాకే లీలగా వినిపించింది, అంటే ఎంత చప్పుడో చూసుకో. వాళ్ళు సాయంత్రం దాకా ఉన్నారు. ముప్పై ఒక్క షాపులూ తిరిగారు, మనుషుల్ని లెక్కపెట్టారు. నూట డెబ్బై నాలుగు మందిమి. ఇన్నాళ్ళూ మాకే తెలియదు.

మామ మాత్రం అక్కణ్ణుంచి కదల్లేదు. డ్రమ్ము మీద కూర్చుని నేల చూస్తున్నాడు. ఏం తేలుస్తారో తెలియదు. నాకూ నిద్ర పట్టడం లేదు.

బావ


సెప్టెంబరు 30

బావా,

ఉత్తర్వు బయటికి వచ్చింది గనక ఇప్పుడు రాయొచ్చు. మన వీధి ఊదా రంగు. దుకాణాల సముదాయం బస్టాండు వెనక పాత గోడౌన్ల జాగాకి మారింది, అది నిజంగానే ఖాళీ, ఆ అమ్మాయి మూడుసార్లు వెళ్ళి చూసింది. మీరందరూ ఆరు నెలల్లో లైసెన్సులు తీసుకోవాలి. నీకు హెచ్చరిక కాగితం వస్తుంది, దాని మీదా సంతకం పెట్టాలి, తోక వద్దు.

ఒకటి బాధ కలిగించేది. తళతళ మామ షాపు నుంచి బయటికి పోయే నీళ్ళలో పూత రసాయనాలుంటాయి, అది వీధిలో ఉండటానికి వీల్లేదు. ఊరి చివర వేరే జాగా ఇస్తారు. ఆయన వెళ్ళాలి.

కొత్త పటం మీద నా సంతకం లేదు. చూశాను, బాధగానే ఉంది, ఉండదని అబద్ధం చెప్పను. నేను రికార్డు గదిలోనే ఉంటాను, ఎన్నాళ్ళో తెలియదు.

నిన్న ఇక్కడ అడుగున ఉన్న కట్టలు సర్దుతుంటే మీ ఊరి పాత సర్వేలు దొరికాయి. మూడు. పంతొమ్మిదేళ్ళ కిందటిది రోడ్ల కోసం. పన్నెండేళ్ళ కిందటిది కరెంటు లైన్ల కోసం. ఏడేళ్ళ కిందటిది మురుగు కాలవ కోసం. మూడింట్లోనూ మన వీధికి ఎదురుగా ఒకే మాట రాసి ఉంది. మూత. మూత. మూత. వేరే వేరే చేతిరాతలు. ఖాళీ షెడ్లకి రోడ్డెందుకు అని ఒకాయన పక్కన రాశాడు కూడా.

ఇరవై ఏళ్ళుగా ఒక్కడూ తొంగి చూడలేదని రాశావు కదా. చూశారు బావా. వచ్చిన ప్రతిసారీ మామ డ్రమ్ము కొట్టాడు. సెలవుల్లో రెండుసార్లు నేనూ షట్టరు దించాను. మొదటి కాగితం తేదీ చూస్తే, ఆ రోజు నేను అక్కడే ఉన్నాను.

నీ బావమరిది


అక్టోబరు 8

బావమరిదికి,

ఆ మూడు కాగితాలు జిరాక్సు తీసి పంపు. షెడ్డు గోడకి అంటిస్తాను. ఇన్నేళ్ళు అర్జీలు రాసిన చేతులతోనే షట్టర్లు దించుకున్నామని నీ ఉత్తరం చదివాక గానీ వీధికి తెలియలేదు.

మామ మొన్న సామాను ఎత్తేశాడు. అందరం కలిసి తొట్లు మోశాం. వెళ్తూ డ్రమ్ము నాకిచ్చాడు, "దీన్ని నా కంట పడనీయకు" అని. గొయ్యిలో నీళ్ళు తోడించాను. వచ్చే ఆదివారం కాంక్రీటు పోస్తున్నాం. మట్టం చూడటానికి నీ కళ్ళు కావాలి, నా కళ్ళూ పోతున్నాయి. రా. ఆ గదిలో తిరగని ఫ్యాను ఒక్కరోజు నువ్వు లేకుండా ఉండగలదు. తడపడానికి నీళ్ళు ఆ డ్రమ్ములోనే నింపి పెట్టాను. మీ అక్క ఉతకడానికి సిద్ధంగా ఉంది, ఇద్దరం పక్కపక్కన కూర్చుందాం.

ఒక సంగతి నీకొక్కడికే రాస్తున్నాను. ఆ రోజు తను తట్టకపోబట్టే వీధి నిలబడిందని మీ అక్క అందరికీ చెబుతోంది. నేనూ అవునంటున్నాను. కానీ డ్రమ్ము దెబ్బ నేల మీదుగా వస్తుంది. చెవికి వినపడకపోయినా అరికాలికి తెలుస్తుంది. ఇన్నేళ్ళూ మీ అక్క వచ్చేలోపే నాకు తెలుస్తూనే ఉంది. తడితే బాగుంటుందని చెప్పలేదు.

ఆ గురువారం కూడా తెలిసింది, రెండు దెబ్బలూ. చెయ్యి షట్టరు వైపు పోవాలని గుంజింది. భుజం మీద తన చెయ్యి పడుతుందని చూశాను. వెనకే ఉందని తెలుసు, ఊపిరి తగులుతోంది. చెయ్యి పడలేదు. సరే, అదీ మీ అక్క మాట అనుకుని కోత కానిచ్చాను.

ఇది తనకి చెప్పకు. ఆ గొప్ప తన దగ్గరే ఉండనీ. డ్రమ్ము మోగదు గనక ఇక తట్టదేమో అనుకున్నాను. నిన్న టీ చల్లారిపోతోందని వచ్చి తట్టింది, రెండుసార్లు.

నీ బావ